కోడి జబ్బుకు ఫేజ్ మందు: క్రిమిని చంపే క్రిమి గురించి ఒక పాఠం

మన ఆసుపత్రికి వచ్చే కుటుంబాల్లో చాలామంది పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకుంటారు. కొందరికి ఫారాలున్నాయి, కొందరికి రొయ్యల చెరువులున్నాయి. అందువల్ల ఈసారి పాఠం కోళ్ల గూటి దగ్గర మొదలుపెడుతున్నాం. అయితే ఇది చివరికి మన మంచం దగ్గరకు, మన మందుల చీటీ దగ్గరకు వచ్చి చేరే విషయం. ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. చదవలేని పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

ఒక ఇల్లు అనుకుందాం. గూట్లో రెండు కోళ్లు మెడ వాల్చి, రెక్కలు దించి కూర్చున్నాయి. ఇంటాయన మందుల షాపుకు వెళ్లి, జబ్బు పేరు కూడా తెలియకుండానే నాలుగు యాంటీబయోటిక్ మాత్రలు తెచ్చాడు. పొడి చేసి నీళ్లలో కలిపాడు. జబ్బు కోళ్లతో పాటు బాగున్న పది కోళ్లూ ఆ నీళ్లు తాగాయి. మర్నాడు పెట్టిన గుడ్లు పిల్లల పళ్లెంలోకి వచ్చాయి. కొన్నాళ్లకు ఆ ఇంట్లో అవ్వకు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. డాక్టరు రాసిన మొదటి మందు పనిచేయలేదు, రెండోదీ పనిచేయలేదు. మూడోది సూది మందు. దానికి ఆసుపత్రిలో చేరాలి, ఖర్చు ఎక్కువ.

అవ్వ జబ్బు ఆ కోళ్ల వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. కాని ఇలాంటి ఇళ్లు వేలకొద్దీ ఉన్నప్పుడు, ఫారాల్లో టన్నులకొద్దీ మందు వాడినప్పుడు, మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి. ఇది మాత్రం నిజం.

కోడి మందుకూ మనిషి మందుకూ ఏమిటి సంబంధం?

చాలామంది పశువుల మందులు వేరు, మనుషుల మందులు వేరు అనుకుంటారు. పేర్లు వేరైనా కుటుంబం ఒకటే. కోళ్లకు వాడే ఎన్రోఫ్లాక్సాసిన్, మనకు రాసే సిప్రోఫ్లాక్సాసిన్ అన్నదమ్ముల వంటివి. కోడి ఒంట్లోకి వెళ్లిన ఎన్రోఫ్లాక్సాసిన్‌లో కొంత భాగం సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది. ఒకదానికి లొంగని బాక్టీరియా రెండోదానికీ లొంగదు. ఈ కారణంగానే అమెరికా ప్రభుత్వం 2005 సెప్టెంబరులో కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకాన్ని నిలిపివేసింది.

కొలిస్టిన్ సంగతి ఇంకా పెద్దది. ఏ మందుకూ లొంగని ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో ఉన్న రోగికి చివరి ఆశగా వాడే మందు అది. అదే మందును కోళ్లు త్వరగా బరువు పెరగాలని దాణాలో కలుపుతూ వచ్చారు. 2015లో చైనా శాస్త్రజ్ఞులు కొలిస్టిన్‌ను ఎదిరించే ఒక జన్యువును పందుల్లో, మాంసంలో, రోగుల్లో కూడా కనుగొన్నారు. ఆ జన్యువు ఒక బాక్టీరియా నుంచి మరో బాక్టీరియాకు పాకగలదు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో ఆహారానికి పెంచే పశువుల్లో, కోళ్లలో, చేపల్లో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. కోళ్లకు జబ్బు వస్తే రైతు ఏం చేయాలి? వైద్యం చేయకుండా చావనివ్వాలా? మనుషుల మందుల జోలికి పోకుండా కోడిలోని చెడ్డ బాక్టీరియాను మాత్రమే చంపే దారి ఏమైనా ఉందా? శాస్త్రజ్ఞులు వెతుకుతున్న దారుల్లో ఒకటి ఫేజ్.

ఫేజ్ అంటే ఏమిటి?

దీని పూర్తి పేరు బాక్టీరియోఫేజ్. గ్రీకు భాషలో ఈ మాటకు బాక్టీరియాను తినేది అని అర్థం. ఇది ఒక రకం వైరస్. వైరస్ అనగానే భయపడకండి. మనుషులకు జబ్బు తెచ్చే వైరస్‌లు ఉన్నట్టే, బాక్టీరియాకు జబ్బు తెచ్చే వైరస్‌లూ ఉన్నాయి. వాటినే ఫేజులు అంటారు. మనిషి కణంలోకి గాని, కోడి కణంలోకి గాని ఇవి దూరి పెరగలేవు.

ఇవి కొత్తగా తయారుచేసినవి కావు. మట్టిలో, మురుగులో, కోడి రెట్టలో, మన పేగుల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. మైపాడు ఒడ్డున ఒక టీ చెంచాతో సముద్రపు నీళ్లు తీస్తే అందులో కోట్లకొద్దీ వైరస్‌లుంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఫేజులే.

ఫేజ్ పని ఇలా జరుగుతుంది. ముందుగా అది తనకు సరిపడిన బాక్టీరియా పై పొరకు అతుక్కుంటుంది. తన జన్యు పదార్థాన్ని లోపలికి పంపుతుంది. అప్పటినుంచి బాక్టీరియా తన పని మాని ఫేజ్ పిల్లల్ని తయారుచేస్తుంది. చురుకైన ఫేజులకు ఇందుకు అరగంట చాలు. చివరికి బాక్టీరియా పగిలిపోయి, వంద వరకు కొత్త ఫేజులు బయటపడి పక్కనున్న బాక్టీరియా మీదకు వెళతాయి. బాక్టీరియా ఉన్నంతసేపు ఫేజ్ పెరుగుతుంది, అది లేకపోతే క్రమంగా తగ్గిపోతుంది.

మన తీరం వాళ్లకు ఒక పోలిక చెబుతాం. యాంటీబయోటిక్ సన్న కన్ను వల లాంటిది. పెద్ద చేపతో పాటు పనికిరాని పిల్ల చేపనూ ఊడ్చేస్తుంది. అందుకే యాంటీబయోటిక్ వాడితే పేగుల్లోని మంచి బాక్టీరియా కూడా చచ్చి విరేచనాలు పట్టుకుంటాయి. ఫేజ్ ఒకే రకం చేపకు వేసిన గాలం లాంటిది. సాల్మొనెల్లా ఫేజ్ సాల్మొనెల్లానే పట్టుకుంటుంది, పక్కనున్న మంచి బాక్టీరియాను ముట్టుకోదు. దాని బలం ఇదే. దాని బలహీనత కూడా ఇదే.

మొదటి రోగులు కోళ్లే

ఈ కథలో మన దేశానికి కూడా చోటు ఉంది. 1896లో ఆగ్రాలో పనిచేస్తున్న హాంకిన్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు గంగ, యమున నీళ్లలో కలరా క్రిములు చచ్చిపోవడం గమనించాడు. ఆ నీళ్లను కాచితే ఆ శక్తి పోయేది. అది ఫేజుల పనే అయివుంటుందని తర్వాతి వాళ్లు ఊహించారు. నది నీళ్లు కాచకుండా తాగవచ్చని మాత్రం దీని అర్థం కాదు.

1915లో ఇంగ్లండులో ట్వార్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ వేర్వేరుగా ఫేజులను గుర్తించారు. ఫేజ్ అనే పేరు పెట్టింది డెరెల్. ఆయన వైద్యానికి మొదట ఎంచుకున్నది మనుషులను కాదు, కోళ్లను. 1919లో ఫ్రాన్స్ పల్లెల్లో కోళ్ల టైఫాయిడ్ వచ్చి కోళ్లు చస్తున్నాయి. అది ఒక రకం సాల్మొనెల్లా వల్ల వచ్చే జబ్బు. కోలుకున్న కోళ్ల రెట్టలో ఫేజులు ఉండటం డెరెల్ చూశాడు. వాటిని వేరుచేసి మిగతా కోళ్లకు ఇచ్చి చూశాడు. అదే ఏడాది ఆగస్టులో పారిస్ పిల్లల ఆసుపత్రిలో రక్త విరేచనాలతో ఉన్న బాలుడికి ఫేజ్ ఇచ్చారు. దానికి ముందు డెరెల్, ఆసుపత్రి వైద్యులు తామే తాగి, హాని లేదని తేల్చుకున్నారు.

1927లో డెరెల్ మన దేశం వచ్చి పంజాబులో కలరా మీద పనిచేశాడు. ఆ తర్వాతి సంవత్సరాల్లో అస్సాం గ్రామాల్లో కలరా ఫేజ్‌ను జనానికి పంచారు. 1940లలో పెన్సిలిన్ వచ్చింది. ఒకే మందు ఎన్నో జబ్బులకు పనిచేస్తుంటే, ఒక్కో బాక్టీరియాకు ఒక్కో ఫేజ్ వెతికే ఓపిక ఎవరికీ లేకపోయింది. జార్జియా దేశంలోని టిబిలిసిలో 1923లో ఎలియావా స్థాపించిన సంస్థ మాత్రం ఈ పనిని వదలలేదు. యాంటీబయోటిక్‌లు పనిచేయడం మానేస్తున్న ఈ కాలంలో లోకం మళ్లీ అటు చూస్తోంది. 2006 ఆగస్టులో అమెరికాలో తినడానికి సిద్ధంగా ఉన్న మాంసం మీద లిస్టీరియా అనే బాక్టీరియాను చంపడానికి ఫేజ్ చల్లేందుకు అనుమతి ఇచ్చారు.

కోళ్లలో ఎంతవరకు పనిచేసింది?

కోళ్లలో బాక్టీరియా వల్ల వచ్చే జబ్బుల్లో రెండు మనకు బాగా పరిచయం. పిల్లల్లో వచ్చే తెల్లపారుడు సాల్మొనెల్లా పని. ఊపిరి తిత్తులను, గాలి సంచులను పట్టే కోలిబాసిలోసిస్ ఈ కోలై అనే బాక్టీరియా పని. ఈ రెంటి మీదా ఫేజ్ పరిశోధనలు జరిగాయి.

అమెరికాలోని అర్కన్సా రాష్ట్రంలో ప్రభుత్వ వ్యవసాయ శాస్త్రజ్ఞులు 2002 నుంచి బ్రాయిలర్ కోళ్ల మీద పరీక్షలు చేశారు. ఈ కోలై సోకిన కోళ్లకు కండరంలో ఫేజ్ సూది వేస్తే చావులు తగ్గాయి. తాగే నీళ్లలో కలిపి ఇచ్చినప్పుడు మాత్రం ఫలితం రాలేదు. ఈ పాఠం చాలా ముఖ్యం. జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది, మందు పేగుల్లోకి వెళ్లింది. ఫేజ్ బాక్టీరియా ఉన్న చోటికి చేరాలి, చేరినప్పుడు తగినన్ని ఉండాలి. ఇంగ్లండులో చేసిన పరీక్షల్లో కోడి పేగుల్లోని సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియాలు ఫేజ్ వల్ల తగ్గాయి, కాని పూర్తిగా పోలేదు. తగ్గినా మేలే. కోసేటప్పుడు మాంసానికి అంటే క్రిములు తగ్గితే, తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు తగ్గుతాయి.

వేలాది కోళ్లున్న ఫారంలో ఒక్కో కోడికి సూది వేయడం కుదరదు. అందుకే నీళ్లలో, దాణాలో, పొదిగే గుడ్ల మీద, ఒకరోజు పిల్లల మీద చల్లడంలో ఏది ఏ జబ్బుకు పనిచేస్తుందో శాస్త్రజ్ఞులు విడివిడిగా చూస్తున్నారు.

మన తీరంలో రొయ్య పిల్లల అనుభవం

రొయ్యలు పెంచేవారికి ఈ మాట కొత్తగా ఉండదు. హేచరీల్లో రాత్రిపూట నీళ్లు పచ్చగా వెలిగి, తెల్లారేసరికి రొయ్య పిల్లలు తొట్టి అడుగున పడివుండటం చాలామంది చూసేవుంటారు. అది విబ్రియో హార్వేయి అనే మెరిసే బాక్టీరియా వల్ల వస్తుంది. మంగళూరు ఫిషరీస్ కళాశాల శాస్త్రజ్ఞులు సముద్ర తీరం నుంచే ఈ బాక్టీరియాను చంపే ఫేజులు తీసి హేచరీలో పరీక్షించారు. 2006, 2007లో ఫలితాలు ప్రచురించారు. యాంటీబయోటిక్ వేసిన తొట్లకంటే ఫేజ్ వేసిన తొట్లలో ఎక్కువ పిల్లలు బతికాయి. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కూడా ఈ జబ్బు మీద ఫేజులతో పనిచేశారు.

కోళ్లకంటే రొయ్య పిల్లల్లో ఇది తేలిక కావడానికి కారణం ఉంది. తొట్టిలో పిల్లలూ, బాక్టీరియా, ఫేజ్ అన్నీ ఒకే నీళ్లలో ఉంటాయి. ఫేజ్ తన బాక్టీరియాను వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు.

ఫేజ్ చేయలేని పనులు

ఇది సర్వరోగ నివారిణి కాదు. ఈ నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది: ఫేజ్ వైరస్ జబ్బులకు పనికిరాదు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగొట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బ గ్రామాల్లో బర్డ్ ఫ్లూతో కోళ్లు చచ్చిపోయాయి. బర్డ్ ఫ్లూ వైరస్ జబ్బు. కొక్కెర తెగులు కూడా వైరస్ జబ్బే. వీటికి ఫేజూ పనిచేయదు, యాంటీబయోటిక్కూ పనిచేయదు. రక్తపారుడు తెచ్చేది బాక్టీరియా కాదు, వేరే పరాన్నజీవి. దానికీ ఫేజ్ పనికిరాదు.

రెండోది: జబ్బు తెచ్చిన బాక్టీరియా ఏదో ల్యాబ్‌లో తేలకుండా ఫేజ్ ఇవ్వడం చీకట్లో గాలం వేయడమే. ఒక ఫారంలో పనిచేసిన ఫేజ్ పక్క ఊరి ఫారంలో పనిచేయకపోవచ్చు.

మూడోది: బాక్టీరియా ఫేజ్‌ను కూడా ఎదిరించడం నేర్చుకుంటుంది. అందుకే ఒక్క ఫేజ్ కాకుండా నాలుగైదు రకాలు కలిపి ఇస్తారు.

నాలుగోది: అన్ని ఫేజులూ మంచివి కావు. కొన్ని బాక్టీరియాను చంపకుండా దానిలోనే దాగి, విషం తయారుచేసే జన్యువులను మోసుకెళతాయి. అందుకే శాస్త్రజ్ఞులు ఫేజ్ జన్యువులను చదివి చూశాకే వాడతారు. రెట్టనో మురుగునో వడకట్టి ఇంట్లో తయారుచేసుకునే మందు ఇది ఎంతమాత్రం కాదు.

కాబట్టి ఫేజ్ పేరుతో ఎవరైనా సీసా తెచ్చి అమ్మితే ఇవి అడగండి. ఇది ఏ బాక్టీరియా మీద పనిచేస్తుంది? మా కోళ్లలో ఆ బాక్టీరియా ఉందని ఎవరు పరీక్షించారు? ఎవరి అనుమతి ఉంది? ఎంత చల్లదనంలో ఉంచాలి? బ్లీచింగ్ కలిపిన నీళ్లలో వేయవచ్చా? క్లోరిన్‌కు ఫేజులు చచ్చిపోతాయి కాబట్టి ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలియని వ్యక్తి దగ్గర కొనకండి. ఏదైనా పశువైద్యుడిని అడిగాకే వాడండి.

ఈ రోజు మన చేతిలో ఉన్నవి

ఫేజ్ మన ఊరి కోళ్లకు అందేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ఇవి ఈ రోజే చేయవచ్చు.

కోళ్లు పెంచేవారికి:

1. టీకాలు వేయించండి. కొక్కెర తెగులుకు లసోటా టీకా మొదటి వారంలో కంట్లో గాని ముక్కులో గాని చుక్కగా వేస్తారు. తర్వాత సుమారు 8 వారాలకు ఆర్2బి సూది వేస్తారు. దగ్గరలోని పశువైద్యశాలలో అడగండి. వైరస్ జబ్బు రాకపోతే దాని వెనకే వచ్చే బాక్టీరియా జబ్బులూ తగ్గుతాయి.

2. గూట్లో పొట్టు తడిగా ఉంటే తీసేసి పొడిది వేయండి. మన తీరంలో తుపాను రోజుల తర్వాత ఇది మరీ ముఖ్యం. నీళ్ల గిన్నెలు రోజూ కడగండి.

3. కొత్తగా కొన్న కోడిని రెండు వారాలు వేరుగా ఉంచండి.

4. బాగున్న కోళ్లకు యాంటీబయోటిక్ పెట్టకండి. త్వరగా పెరుగుతాయని ఎవరు చెప్పినా వద్దు.

5. పశువైద్యుడు యాంటీబయోటిక్ రాస్తే చెప్పినన్ని రోజులు ఇవ్వండి. మందు ఆపాక ఎన్ని రోజులు గుడ్లు, మాంసం తినకూడదో సీసా మీద ఉంటుంది. ఆ గడువు పూర్తయ్యేదాకా తినకండి, అమ్మకండి.

6. చచ్చిన కోడిని కాలువలో, చెరువులో పారేయకండి. సున్నం చల్లి లోతుగా పూడ్చండి. ఒకేసారి చాలా కోళ్లు చస్తే వాటిని ముట్టుకోకుండా వెంటనే పశుసంవర్ధక శాఖవారికి చెప్పండి.

వంట చేసే అమ్మలకు:

1. పచ్చి కోడిమాంసం కోసిన కత్తి, పీట సబ్బుతో కడిగాకే కూరగాయలు తరగండి.

2. మాంసాన్ని కుళాయి కింద పెట్టి కడిగితే తుంపరలతో క్రిములు వంటిల్లంతా పడతాయి. కడగాలనుకుంటే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, ఆ చోటు శుభ్రం చేయండి. పసుపు రాసినంత మాత్రాన క్రిములు చావవు. బాగా ఉడికితేనే చస్తాయి.

3. ముక్క లోపల ఎరుపు లేకుండా ఉడకనివ్వండి. గుడ్డు సొన గట్టిపడేదాకా వండండి. బాలింతలకు, పసిపిల్లలకు, ముసలివారికి పచ్చి గుడ్డు ఇవ్వకండి.

4. గూడు శుభ్రం చేశాక, గుడ్లు ఏరాక పిల్లలతో సహా అందరూ సబ్బుతో చేతులు కడుక్కోండి.

రోగులకు:

1. చీటీ లేకుండా యాంటీబయోటిక్ కొనకండి. మిగిలిన మాత్రలు పక్కింటివారికీ, కోళ్లకూ పెట్టకండి.

2. మీకు కోళ్ల ఫారం గాని, రొయ్యల చెరువు గాని ఉంటే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. ఏ మందు రాయాలో, మూత్రం కల్చర్ పరీక్ష ముందే చేయాలో నిర్ణయించడానికి అది సాయపడుతుంది.

ముగింపు మాట

వంద ఏళ్ల క్రితం డెరెల్ చచ్చిన కోళ్ల దగ్గర మాత్రమే ఆగిపోలేదు. జబ్బు పడి బతికిన కోళ్ల దగ్గరకు వెళ్లి, ఎలా బతికాయని వెతికాడు. ఆ వెతుకులాట ఇంకా సాగుతోంది. ఒక రోజు కోళ్ల జబ్బుకు సరిపడిన ఫేజ్ మన పశువైద్యశాలలో కూడా దొరకవచ్చు. ఆ రోజు వచ్చేదాకా ఉన్న మందులు పనిచేసే స్థితిలో ఉండాలి. అవ్వకు రాసిన మొదటి మందే పనిచేయాలంటే, కోళ్ల నీళ్ల గిన్నెలో ఏం కలుపుతున్నామో మనం చూసుకోవాలి.

మీరే జవాబు చెప్పి చూడండి

1. ఫేజ్ బాక్టీరియాను ఎలా చంపుతుంది?
2. కోళ్లకిచ్చే ఎన్రోఫ్లాక్సాసిన్ వల్ల మనుషుల మందు ఎందుకు పనిచేయకుండా పోతుంది?
3. బర్డ్ ఫ్లూకు, కొక్కెర తెగులుకు ఫేజ్ ఎందుకు పనికిరాదు?
4. నీళ్లలో కలిపిన ఫేజ్ ఊపిరితిత్తుల జబ్బుకు ఎందుకు పనిచేయలేదు?
5. మీ ఇంట్లో ఈ వారమే మార్చుకోగల అలవాటు ఏది?

మొదటి నాలుగు జవాబులు పాఠంలోనే ఉన్నాయి. ఐదోది మీ ఇంట్లో అందరూ కలిసి చెప్పుకోండి.